వార్తల్లో పదం: బిల్లింగ్ డిస్క్రిప్టర్

కార్డుతో డబ్బు కట్టినప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వ్యాపారి పేరుగా కనిపించే పొట్టి వరుసే బిల్లింగ్ డిస్క్రిప్టర్. దీనికి చోటు తక్కువ, సాధారణంగా 22 అక్షరాలకు మించదు. అందుకే పేర్లు కుదించుకుపోతాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల ఖర్చు ‘ఎఫ్ఏసీఈబీకే’ అనే అక్షరాలు, ఒక నక్షత్రం గుర్తు, దాని వెనక ఒక కోడ్‌తో వస్తుంది.

చీరల దుకాణం పోస్టును ‘బూస్ట్’ చేసి, అంటే డబ్బు కట్టి ప్రకటనగా మార్చి, మరిచిపోయినా ఈ పద్దు పడొచ్చు. ఖర్చు ఒక పరిమితిని తాకగానే కొంత, నెలవారీ బిల్లు తేదీన మిగతాది కోస్తారు. కాబట్టి ఒకే ప్రకటనకు రెండు మూడు కోతలు మామూలే. ముందు ఇంట్లోవాళ్లను, షాపు పేజీ చూసే కుర్రాణ్ని అడగండి. ఫేస్‌బుక్ యాడ్స్ మేనేజర్‌లో బిల్లింగ్ పేజీ తెరిచి, అక్కడి రిఫరెన్స్ నంబరును స్టేట్‌మెంట్‌లోని కోడ్‌తో పోల్చండి. రెండూ కలిసినా, ఆ ప్రకటన మీరు పెట్టిందేనా అన్నది చూడాలి. ఫేస్‌బుక్ ఖాతాను హ్యాక్ చేసి, అందులోని కార్డుతో సొంత ప్రకటనలు నడిపే మోసగాళ్లున్నారు.

మీది కాదని తేలితే వెంటనే కార్డు బ్లాక్ చేయించి, బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. చిన్న మొత్తమే కదా అని వదిలేయడం పెద్ద పొరపాటు. కార్డు పనిచేస్తోందో లేదో దొంగలు చిన్న కోతతోనే పరీక్షిస్తారు. ఖాతాదారు తప్పు, బ్యాంకు తప్పు లేని మోసాల్లో, బ్యాంకు సందేశం అందాక మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే నష్టం ఖాతాదారుపై పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930.