డబ్బు కదలకముందే తప్పు పట్టే ఫైలు

విరాళాల ఫారంలో ఎవరో 499 అని టైప్ చేశారు. దానికి సర్వీస్ ఛార్జీ 40 కలపమంటే జావాస్క్రిప్ట్ 539 అనకపోవచ్చు. ఫారం నుంచి వచ్చిన విలువ దాని దృష్టిలో అక్షరాల వరుస. అందుకని 40ని కూడా అక్షరాలుగా మార్చి, పక్కన అతికించి 49940 అంటుంది. కొన్ని పేమెంట్ గేట్‌వేలు మొత్తాన్ని పైసల్లో అడుగుతాయి. ఆ లెక్కన 49940 అంటే 499 రూపాయల 40 పైసలు. చూసేవాళ్లకు అనుమానమే రాదు. 39 రూపాయల 60 పైసలు మాత్రం తక్కువ పడ్డాయి.

1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలి రూపం ఇచ్చిన భాష జావాస్క్రిప్ట్. విలువల రకాల విషయంలో దానికి పట్టింపు తక్కువ. ఆ పట్టింపు తేవడానికే 2012లో మైక్రోసాఫ్ట్ టైప్‌స్క్రిప్ట్‌ను విడుదల చేసింది. ఏది అంకె, ఏది అక్షరాలు అన్నది రాసి పెడితే, ప్రోగ్రామ్ నడవకముందే కంపైలర్ తప్పు చూపిస్తుంది.

అయితే రేజర్‌పే లాంటి పేమెంట్ కిట్ మన ప్రాజెక్టులో ఉండదు. పేజీ తెరిచినప్పుడు వాళ్ల సర్వర్ నుంచి స్క్రిప్టుగా దిగుతుంది. కంపైలర్ దాన్ని ఎన్నడూ చూడలేదు కనుక ఆ పేరే తెలియదంటుంది. చాలామంది అక్కడ ‘ఎనీ’, అంటే ఏ రకమైనా సరే, అని రాసి దాని నోరు మూయిస్తారు. డబ్బు చేతులు మారే చోటే కాపలా ఎత్తేయడం నాకు అసలు మింగుడుపడదు.

చేయాల్సింది చిన్న డెఫినిషన్ ఫైలు రాయడం. అందులో నడిచే కోడ్ ఒక్క లైనూ ఉండదు, వర్ణన మాత్రమే: మొత్తం అంకె, కరెన్సీ అక్షరాలు, పేమెంట్ పూర్తయ్యాక పేమెంట్ ఐడీ, ఆర్డర్ ఐడీ, సిగ్నేచర్ మూడూ తిరిగొస్తాయి. ఇక ఆ 49940ని మొత్తం గడిలో పెట్టబోతే ఎడిటర్‌లోనే ఎర్రగీత పడుతుంది. ఇలాంటి ఫైళ్లను స్వచ్ఛందంగా రాసి పంచుకునే ‘డెఫినిట్లీ టైప్డ్’ అనే పెద్ద భాండాగారం ఉంది. స్ట్రైప్ అనే పేమెంట్ సంస్థ తన వెబ్ లైబ్రరీతో పాటే వీటిని ఇస్తుంది. అదే మేలైన పద్ధతి: కిట్ మారినప్పుడు వర్ణనా దానితోపాటే మారాలి. పాతబడిన వర్ణనను కంపైలర్ గుడ్డిగా నమ్ముతుంది.

రూపాయలా పైసలా అన్నది మాత్రం ఈ ఫైలు దానంతటది పట్టలేదు. 539, 53900 రెండూ అంకెలే. అందుకే ‘పైసలు’ అని వేరే రకం ప్రకటించి, మామూలు అంకెను నేరుగా అందులోకి రానివ్వకుండా చేస్తారు. రూపాయలను పైసలుగా మార్చే పని ఒకే ఒక్క ఫంక్షన్‌కు అప్పగించాలి. అక్కడా జాగ్రత్త అవసరం: 19.99ని 100తో గుణిస్తే జావాస్క్రిప్ట్ 1998.9999999999998 ఇస్తుంది. దాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరించాలి.

కంపైల్ అవగానే ఈ టైపులన్నీ చెరిగిపోతాయి. బ్రౌజర్‌లో వాటి జాడే ఉండదు. పేమెంట్ నిజంగా జరిగిందా అన్నది తేల్చేది సర్వరే. తన దగ్గరున్న రహస్య కీతో సిగ్నేచర్‌ను మళ్లీ లెక్కకట్టి, వచ్చినదానితో సరిపోలితేనే అది రసీదు ఇవ్వాలి.