చైనా మగవారికి ఈ పొట్ట ఎక్కడిది?

చైనాలో బాగా చదువుకున్న స్త్రీలు, చదువు తక్కువున్న స్త్రీలకన్నా సగటున సన్నగా ఉంటారు. మగవారిలో ఇది సరిగ్గా తిరగబడుతుంది: చదువు పెరిగినకొద్దీ బరువూ పెరుగుతుంది. 2004 నుంచి 2018 వరకు అక్కడ ఆరు విడతలుగా జరిగిన జాతీయ సర్వేల ఫలితాలు 2021లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. ఆరింటిలోనూ ఇదే తీరు. ఒకే రకం వంట తినే ఆడామగల మీద చదువు రెండు రకాలుగా పనిచేస్తోందంటే, జన్యువులనో నూడుల్స్‌నో తప్పుపట్టి ఊరుకోలేం. మగవారి దినచర్యలోకి వెళ్లి చూడాలి.

ముందు తేడా ఎంతో చెప్పుకుందాం. బీఎంఐ (ఎత్తునుబట్టి బరువును కొలిచే సూచిక) 24కు చేరితే అధిక బరువనీ, 28కి చేరితే ఊబకాయమనీ చైనా లెక్క. ఆ లెక్కన, 1.58 కోట్ల మంది ఆరోగ్య పరీక్షల వివరాలతో 2023లో వెలువడిన అధ్యయనంలో మగవారిలో 41.1 శాతం మంది అధిక బరువుతో, 18.2 శాతం మంది ఊబకాయంతో ఉన్నారు. ఆడవారిలో ఆ అంకెలు 27.7, 9.4. పరీక్షలకు వచ్చినవారి లెక్క గనుక దేశమంతటికీ ఇదే వర్తిస్తుందనుకోకూడదు. అయినా ఇంత అంతరాన్ని తేలిగ్గా తీసుకోలేం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఆధారం 1989లో మొదలైన చైనా ఆరోగ్య, పోషకాహార సర్వే. అవే కుటుంబాల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి వివరాలు తీసుకున్న సర్వే అది. సైకిళ్ల దేశంలోకి అప్పుడప్పుడే మోటారు వాహనాలు వస్తున్న కాలం. 1989, 1997 మధ్య నూటికి 14 కుటుంబాలు బండి కొనుక్కున్నాయి. ఆ ఇళ్ల మగవారు, తక్కినవారికన్నా 1.8 కిలోలు ఎక్కువ బరువెక్కారు. వాళ్లు ఊబకాయులయ్యే అవకాశం దాదాపు రెట్టింపైంది. 1.8 కిలోలు చిన్న సంగతిలా కనిపించవచ్చు. అయితే రోజుకు సుమారు 24 కేలరీల తేడా ఏళ్ల తరబడి నిలిచిపోతే, పెద్దవారి బరువు ఒక కిలో మారుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ ప్రకారం 1.8 కిలోల వెనక ఉన్నది రోజుకు నలభై చిల్లర కేలరీలు, అంటే ఇంచుమించు పావుగంట నడక. ఆ పావుగంట దినచర్యలోంచి జారిపోయిందని ఎవరికి తెలుస్తుంది? పొలంలోనో కర్మాగారంలోనో చెమటోడ్చే పని పోయి కుర్చీ పని వచ్చినప్పుడు జారిపోయేది అంతకన్నా చాలా ఎక్కువ. 1991, 2006 మధ్య చైనా పెద్దల సగటు శారీరక శ్రమ 32 శాతం పడిపోయింది. చదువు మగవాణ్ణి మొదట చేర్చింది ఆ కుర్చీలోకే.

ఆ కుర్చీ వెంట విందు వస్తుంది. వ్యాపారంలో, ప్రభుత్వోద్యోగంలో నమ్మకం కుదరాలంటే బల్ల చుట్టూ చేరి, ‘గాన్‌బేయ్’ అంటూ గ్లాసు ఖాళీ చేయాలన్నది అక్కడి మగవారి మధ్య పాతుకుపోయిన మర్యాద. పై అధికారి పోస్తే కాదనడం కష్టం. ఐదు లక్షల మందితో నడుస్తున్న చైనా కడూరీ బయోబ్యాంక్ అధ్యయనంలో, వారం వారం తాగే అలవాటు మగవారిలో మూడోవంతు మందికి ఉంటే, స్త్రీలలో అది నూటికి ఇద్దరికే. ఆ విందుల్లో పోసేది ఎక్కువగా బైజియూ అనే ఘాటైన ధాన్యపు సారా. 50 శాతం ఆల్కహాల్ ఉన్న రకమైతే 100 మిల్లీలీటర్లలోనే సుమారు 275 కేలరీలుంటాయి. ఆల్కహాల్‌ను దాచుకునే వీలు శరీరానికి లేదు. కాబట్టి కాలేయం ముందు దాన్నే కరిగిస్తుంది. అంతసేపూ కొవ్వు ఖర్చు మందగిస్తుంది. పక్కన తిన్న పంది మాంసం, నూనెలో వేగిన కూరల కొవ్వు నిల్వకు పోతుంది.

నిల్వ ఎక్కడన్నది కూడా ముఖ్యమే. నడివయసు దాకా స్త్రీలలో కొవ్వు తుంటి, తొడల దగ్గర చర్మం కింద ఎక్కువగా చేరుతుంది. మగవారిలో పేగుల చుట్టూ చేరుతుంది. అక్కడి నుంచి వచ్చే రక్తం నేరుగా కాలేయానికే వెళ్తుంది గనుక మధుమేహానికీ కాలేయపు కొవ్వుకీ దారి దగ్గరవుతుంది. అందుకే చైనా మగవారికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లకు చేరితే ప్రమాదమని హద్దు పెట్టారు.

పొగ సంగతి వేరు. చైనా మగవారిలో దాదాపు సగం మంది పొగ తాగుతారు. నికోటిన్ ఆకలిని చంపుతుంది గనుక, మానేసిన ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరగడం మామూలే. మానడం వల్ల గుండెకూ ఊపిరితిత్తులకూ కలిగే మేలు ముందు ఆ కిలోలు లెక్కలోవి కావు. మానిపించే వైద్యులు బరువు గురించి కూడా ముందే చెప్పాలి.

ఇప్పుడు కథ పల్లెలకు చేరింది. 2010 తర్వాత పట్టణాల్లో ఆడామగలిద్దరిలోనూ బరువు పెరుగుదల బాగా నెమ్మదించింది. పల్లె స్త్రీలలో కొంత నెమ్మదించింది. పల్లె మగవారిలో మాత్రం ఆగలేదు. 2018లో వారి సగటు బీఎంఐ 24.5, పట్టణ మగవారిది 25.1. ఆ కాస్త దూరం దాటడానికి ఎన్నో ఏళ్లు పట్టకపోవచ్చు.

2024లో చైనా ప్రభుత్వం మూడేళ్ల బరువు నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆసుపత్రుల్లో బరువు క్లినిక్‌లు తెరవమంటోంది. మంచిదే. కానీ కదలడానికి తీరిక కూడా ఉండాలి. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి ఆరు రోజులు పనిచేయించే ‘996’ పద్ధతి చట్టవిరుద్ధమని అక్కడి సుప్రీం పీపుల్స్ కోర్టు 2021లోనే చెప్పింది. ఆ మాట కార్యాలయాల్లో అమలైతే, ఎన్ని క్లినిక్‌లు పెట్టినా దొరకని సాయంకాలాలు ఈ మగవారికి దొరుకుతాయి. బరువు నియంత్రణ పథకంలో ఆ మాటకూ చోటుండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.