కొండాపురం నాణేలు: చిలుము కింది అక్షరం

సంగారెడ్డి సమీపంలోని కొండాపురం దిబ్బను 1940-42 మధ్య హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో తవ్వించింది. అక్కడ లభించిన సాతవాహన నాణేలలో సీసం, రాగి, పోటిన్ నాణేలే అధికం. పోటిన్ అనగా రాగిలో తగరం, సీసం కలిసిన మిశ్రమలోహం. ఇటువంటి నాణెం పొలంలో దొరికినప్పుడు దానిని ఎలా శుభ్రపరచాలన్నది కేవలం ప్రయోగశాల సమస్య కాదు.

రాగి పాత్రను చింతపండుతో తోమడం మన ఇళ్లలో అనాదిగా ఉన్న అలవాటు. బిందెకు మేలుచేసే ఆ పులుపే పాత నాణేనికి చేటు. నేలలో శతాబ్దాలపాటు ఉన్న రాగి పైభాగం లోహంగా మిగలదు. లోపల ఎర్రని క్యూప్రైట్‌గా, దానిపై పచ్చని మాలకైట్‌గా మారుతుంది. అక్షరం, చిహ్నం చాలాసార్లు ఆ ఖనిజపు పొరలోనే నిలిచి ఉంటాయి. ఆమ్లం ఆ పొరను కరిగిస్తే నాణెం మెరుస్తుంది, లేఖనం పోతుంది. తూకం కూడా తగ్గుతుంది కనుక తౌల్యప్రమాణాల అధ్యయనానికి అది పనికిరాదు.

కోటిలింగాలలో దొరికిన నాణేలపై ‘సిరి చిముక సాతవాహన’ అన్న పేరును పి.వి. పరబ్రహ్మశాస్త్రి గుర్తించారు. పురాణాలు చెప్పిన సిముకుడు ఇతడేనని పలువురు పండితులు భావించారు. ఆ బ్రాహ్మీ అక్షరాలు ఎవరి చేతిలోనో అరిగిపోయి ఉంటే తెలంగాణ చరిత్రలో ఆ చర్చకే ఆధారం ఉండేది కాదు.

పచ్చదనమంతా ఒకటి కాదు. గట్టిగా, నునుపుగా ఉన్న పొరను కదిలించనవసరం లేదు. లేతపచ్చ పొడి రాలుతుంటే మాత్రం ప్రమాదమే: లోపలి క్యూప్రస్ క్లోరైడు తేమతో, ఆక్సిజన్‌తో చర్య జరిపి లోహాన్ని తినివేస్తున్నదని అర్థం. దీనినే కంచు వ్యాధి అంటారు. అటువంటి నాణేన్ని పొడివాతావరణంలో ఉంచి సంరక్షణ రసాయనశాస్త్రవేత్తకు అప్పగించాలి. బెంజోట్రయజోల్ వంటి చికిత్సలు వారి పని. పటాన్‌చెరు కర్మాగారాల వ్యర్థజలాలు చేరిన నక్కవాగు పరిసరాల్లో దొరికే నాణేల్లో క్లోరైడు పరీక్ష తప్పనిసరి అని నా అభిప్రాయం.

సీసం వ్యవహారం వేరు. అది మెత్తనిది; కుంచె కాస్త గట్టిదైనా గీత పడుతుంది. రాగికి వాడే స్వేదనజలంలో నానబెట్టినా అది క్షయిస్తుంది. చెక్క బీరువాల నుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి దానిని తెల్లని పొడిగా మారుస్తుంది. మన కళాశాలల ప్రదర్శనశాలలు ఆ బీరువాలనే వాడుతుండడం విచారకరం. పైగా సీసం విషం. చేతొడుగులు లేకుండా తాకరాదు.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలి. మెటల్ డిటెక్టరుతో వెదికినవారికైనా, నాగలికి తగిలిన రైతుకైనా ఇదే నియమం. అంతవరకు మట్టితో సహా పొడి కాగితంలో చుట్టి, దొరికిన చోటు, లోతు, తేదీ రాసి, రెండు వైపులా ఛాయాచిత్రం తీసి ఉంచితే చాలు.