‘మన కుక్కపిల్లే కదా!’

మేము బదిలీ మీద భిలాయ్ వచ్చిన కొత్తలో మా పాపకు స్నేహితులు లేరు. ఆ లోటు ఒక వీధి కుక్కపిల్ల తీర్చింది. మా వరండాలో పడుకునేది, పాప పెట్టిన రొట్టె తినేది. దానికి టీకా వేయించాలని మాకు తోచనే లేదు.

ఒక ఆదివారం తలంటు పోస్తూ మా ఆవిడ పాప పిక్క మీద గీత చూసింది. రక్తం ఎండి నల్లగా ఉంది. గట్టిగా అడిగితే ఏడుస్తూ చెప్పింది: “రెండు రోజులైంది. ఆడుతుంటే పన్ను తగిలింది. చెబితే దాన్ని తరిమేస్తారని చెప్పలేదమ్మా.”

పక్కింటి మామ్మగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. “చిన్న గీతే కదా బాబూ, పసుపు, సున్నం పెట్టండి చాలు” అన్నారు. ఆమె ప్రేమ నిజమే, ఆ వైద్యం మాత్రం పనికిరాదు. పసుపు, కారం, సున్నం గాయాన్ని ఇంకా రేపుతాయి.

ఆస్పత్రిలో డాక్టరుగారు మొదట అడిగింది, “సబ్బుతో కడిగారా?” అని. రేబీస్ క్రిమి కుక్క లాలాజలంలో ఉంటుంది. కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగితే చాలా వరకు అక్కడే పోతుంది. మిగిలింది నరాల వెంట మెదడుకు చేరకముందే టీకా పని చేయాలి. జబ్బు లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. 1885 జూలైలో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌ను కాపాడిందీ ఇలా ముందుగా టీకా వేసే.

“ఆలస్యమైందని మానకూడదు, ఇప్పుడే మొదలుపెడదాం” అన్నారాయన. రక్తం వచ్చిన గాయం కాబట్టి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇచ్చారు. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు. కండకు ఇచ్చేదైతే 14వ రోజున ఇంకొకటి. ఈఎంఐ తేదీ మరవని మనం ఈ తేదీలు అసలు మరవకూడదు.

కుక్కపిల్లను పది రోజులు కనిపెట్టి ఉండమన్నారు. కరిచిన నాటికి లాలాజలంలో రేబీస్ ఉంటే ఆ గడువులోపే కుక్క జబ్బుపడి చనిపోతుంది. అయితే ఆ పది రోజులూ ఆగి చూసి, అప్పుడు టీకా మొదలుపెడదామనుకోవడం ప్రమాదం. ఆ రోజుల్లో మాకు కంటి మీద కునుకు లేదు. కుక్కపిల్ల మాత్రం హుషారుగానే ఉంది.

కుక్కను, పిల్లిని పెంచుకునే వారికి నేను నేర్చుకున్న నాలుగు మాటలు:

మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా, తర్వాత పశువైద్యులు చెప్పిన ప్రకారం బూస్టర్లు వేయించాలి. నులిపురుగుల మందు వేళకు పట్టాలి. వాటి మలంలోని పురుగు గుడ్లు మట్టిలో ఆడే పిల్లల చేతుల నుంచి నోట్లోకి చేరతాయి.

జంతువును ముట్టుకున్నాక, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

వెంట్రుకలు గుండ్రంగా రాలుతుంటే వైద్యులకు చూపించాలి. అది తామర కావచ్చు, మనకూ అంటుతుంది.

గర్భిణులు పిల్లి మలం ఎత్తకూడదు. దానిలోని టాక్సోప్లాస్మా కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

ఇవన్నీ డబ్బుతో, ఓపికతో అయ్యేవి. ఇంకొకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. “కుక్క కరిచినా, గీరినా వెంటనే చెప్పు, నిన్ను తిట్టం, దాన్ని తరమం” అని పిల్లలకు ముందే మాట ఇవ్వండి. మా పాప రెండు రోజులు దాచింది గాయాన్ని కాదు, మా మీద భయాన్ని.

ఇప్పుడు మా ఇంట్లో పాప టీకా కార్డు, కుక్కపిల్ల టీకా కార్డు ఒకే ఫైల్లో ఉన్నాయి. తేదీలు గుర్తుచేసేది పాపే.