కాళ్ళు మనవే, గుట్టలూ మనవే

వారాసిగూడలో తెల్లవారింది. నల్లా వచ్చింది. బిందెలు నిండాయి. పొయ్యి మీద చాయ మరుగుతోంది.

పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ వెడల్పాటి రోడ్లు, పెద్ద పెద్ద చెట్లు. పొద్దుగాల ఎంతోమంది ఆ రోడ్ల మీద నడుస్తుంటారు. కొందరు చేతులు ఊపుకుంటూ నడుస్తారు. కొందరు పరుగెత్తుతారు. వాళ్ళు ఏ పని మీదా పోవడం లేదు. ఉత్తగా నడుస్తున్నారు. ఒంటికి మంచిదని, మనసుకు హాయిగా ఉంటుందని నడుస్తున్నారు.

నాలుగిళ్ళలో పని చేసే అక్క కూడా అదే దారిన నడుస్తుంది. అందరికంటే వేగంగా నడుస్తుంది. ఆలస్యమైతే మాట పడాలి మరి!

"మాది రోజూ నడకే కదమ్మా! మళ్ళీ వేరే నడిచేదెందుకు?" అంటుంది ఆ అక్క.

ఆమె మాటలో నిజం ఉంది. దారి ఒక్కటే. నడక ఒక్కటే. కానీ ఒకరిది పని కోసం నడక. ఇంకొకరిది తమ కోసం నడక. ఈ తేడా ఇవాళ పుట్టింది కాదు. నడకకే కాదు, గుట్టలు ఎక్కడానికి కూడా ఇలాంటి తేడానే ఉంది. దాని వెనుక పెద్ద చరిత్ర ఉంది.

గుట్ట ఎక్కని ఆడది ఉందా?

మన ఊళ్ళలో ఆడవాళ్ళు ఎప్పటినుంచో గుట్టలు ఎక్కుతున్నారు. కట్టెల కోసం ఎక్కారు. మేకల వెంట ఎక్కారు. వారాసిగూడ దగ్గరే సీతాఫల్‌మండి ఉంది. మండి అంటే బజారు. సీతాఫలాలు గుట్టల మీద కాస్తాయి. ఆ పండ్లు తెంపి, గంపలకెత్తి, నెత్తిన పెట్టుకొని దిగేది ఎక్కువగా ఆడవాళ్ళే.

మొక్కులకూ ఎక్కారు. తిరుమలకు అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు ఉన్నాయి. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్ళు ఉన్నారు. తార్నాక దాటి కొంతదూరం పోతే మౌలాలి గుట్ట వస్తుంది. గుట్ట మీద దర్గా ఉంది. పైకి నాలుగు వందలకు పైగా మెట్లు. ఉర్సు నాడు ముస్లింలూ, హిందువులూ అందరూ ఎక్కుతారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. "గాలి మారడానికి పోతా" అంటే ఇంట్లో ఒప్పుకోరు. "మొక్కు ఉంది, పోవాలి" అంటే కాదనరు. అందుకే జాతర, ఉర్సు, వనభోజనం ఆడవాళ్ళకు అంత ఇష్టం. దేవుడి పేరు మీదనే వాళ్ళకు ఆకాశం, చెట్టు, గుట్ట దొరికాయి.

వేటకు పోయిన మహలఖా బాయి

పాతకాలంలో సంతోషం కోసం అడవికి పోయేవాళ్ళు ఎవరు? రాజులు, నవాబులు, దొరలు. వాళ్ళు వేటకు పోయేవారు. డేరాలు మోయడానికి, వంట చేయడానికి వేరే మనుషులు ఉండేవారు.

ఆ వేటలకు పోయిన ఒక స్త్రీ కథ ఇక్కడిదే. ఆమె పేరు మహలఖా బాయి చందా. 1768లో పుట్టింది. 1824లో చనిపోయింది. ఉర్దూలో గొప్ప కవిత్వం రాసింది. గుర్రం ఎక్కేది. బాణం వేసేది. మగవాళ్ళ దుస్తులు వేసుకొని రెండో నిజాం వెంట వేటకు పోయేది. వారాసిగూడ పక్కన ఉన్న అడిక్‌మెట్ అప్పట్లో ఆమె జాగీరు. ఆమె సమాధి మౌలాలి గుట్ట కిందనే ఉంది.

కానీ ఆ స్వేచ్ఛ దర్బారులో పేరున్న ఒక్క మనిషికి దొరికింది. ఆ జాగీర్ల పొలాల్లో నాట్లు వేసిన ఆడవాళ్ళకు దొరకలేదు.

కొండ ఎక్కడం ఆట అయింది

కొండలు ఎక్కడం ఒక ఆటగా యూరప్‌లో పెరిగింది. దీన్ని పర్వతారోహణ అంటారు. పర్వతం అంటే పెద్ద కొండ. ఆరోహణ అంటే ఎక్కడం. 1857లో లండన్‌లో కొండలెక్కేవారు ఒక సంఘం పెట్టుకున్నారు. అందులో డబ్బు, తీరిక ఉన్న మగవాళ్ళే చేరారు. నూరేళ్ళు దాటినా ఆ సంఘం ఆడవాళ్ళను చేర్చుకోలేదు.

తరువాత వాళ్ళ చూపు హిమాలయాల మీద పడింది. అక్కడ ప్రపంచంలోనే ఎత్తైన శిఖరం ఉంది. నేపాల్‌వాళ్ళు దాన్ని సాగర్‌మాథా అంటారు. ఇంగ్లీషువాళ్ళు ఎవరెస్టు అని పేరు పెట్టారు. అది భూములు కొలిచే ఒక అధికారి పేరు. ఆ జార్జ్ ఎవరెస్ట్ 1818లో సర్వే పనిలో చేరింది మన హైదరాబాదులోనే!

ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. అంటే 29 వేల అడుగుల పైమాట. చార్మినార్ మీద చార్మినార్ పెట్టుకుంటూ పోతే ఎన్నో చార్మినార్లు కావాలి.

ఆ శిఖరం ఎక్కాలని వచ్చిన దొరలకు బరువులు ఎవరు మోశారు? అక్కడి కొండల్లో ఉండే షెర్పాలు. టెన్సింగ్ నార్గే కూడా 1935లో కూలిగానే ఆ కొండకు పోయాడు. మళ్ళీ మళ్ళీ పోయాడు. 1953 మే 29న టెన్సింగ్, న్యూజిలాండ్‌కు చెందిన ఎడ్మండ్ హిల్లరీ కలిసి శిఖరం మీద నిలబడ్డారు. అక్కడికి చేరిన మొదటి మనుషులు వాళ్ళే. మూటలు మోసిన మనిషి శిఖరం ఎక్కాడు!

మరుసటి ఏడే, 1954లో, డార్జిలింగ్‌లో కొండలెక్కడం నేర్పే బడి పెట్టారు. అందులో టెన్సింగే గురువు. ఈ బడి సంగతి గుర్తుంచుకోండి. కథలో మళ్ళీ వస్తుంది.

"పిల్లల్ని చూసుకోక కొండలెందుకు?"

ఎవరెస్టు ఎక్కిన మొదటి స్త్రీ జపాన్‌కు చెందిన జుంకో తాబెయ్. మగవాళ్ళు కొందరు ఆమెతో కలిసి కొండ ఎక్కబోమన్నారు. ఆమె ఆడవాళ్ళతోనే ఒక సంఘం పెట్టింది. ఎవరెస్టు ప్రయాణానికి డబ్బు అడగబోతే, "ఇంట్లో పిల్లల్ని చూసుకోక మీకు కొండలెందుకు?" అన్నారు. అప్పటికి ఆమెకు చిన్న కూతురు ఉంది. ఆమె పిల్లలకు పియానో వాయించడం నేర్పి డబ్బు కూడబెట్టింది. పాత కారు సీట్ల గుడ్డతో చేతి తొడుగులు కుట్టుకున్నారు. కొండ మీద మంచు విరిగి పడి, ఆమె దాని కింద కూరుకుపోయింది. తోటివాళ్ళు బయటికి లాగారు. అయినా ఆగలేదు. 12 రోజుల తరువాత, 1975 మే 16న, శిఖరం చేరింది.

మన దేశం నుంచి ఎవరెస్టు ఎక్కిన మొదటి స్త్రీ బచేంద్రి పాల్. ఆమెది హిమాలయాల్లో ఒక చిన్న పల్లె. 1984 మే 23న ఎక్కింది. ఆమె గుడారం మీద కూడా మంచు పడింది. తలకు దెబ్బ తగిలింది. అయినా వెనక్కి రాలేదు.

పాకాల నుంచి ఎవరెస్టు దాకా

ఇప్పుడు మన పూర్ణ కథ. నిజామాబాద్ జిల్లాలో పాకాల అనే ఊరు ఉంది. అక్కడ 2000లో మాలావత్ పూర్ణ పుట్టింది. లంబాడా కుటుంబం. అమ్మానాన్నలు పొలాల్లో కూలి చేసేవారు. పూర్ణ తాడ్వాయిలోని ప్రభుత్వ గురుకుల పాఠశాలలో చేరింది.

సాంఘిక సంక్షేమ గురుకులాలకు అప్పుడు కార్యదర్శిగా ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఉన్నారు. పేద పిల్లలకు కూడా ఇలాంటి ఆటలు అందాలని అనుకున్నారు. వంద మందికి పైగా పిల్లలను ఏరి, భువనగిరికి పంపారు. భువనగిరి గుట్ట సికింద్రాబాద్ నుంచి వరంగల్ పోయే రైలులోంచే కనిపిస్తుంది. అంతా ఒక్కటే బండ. దాని మీద పాతకాలపు కోట ఉంది. శేఖర్ బాబు అనే గురువు పిల్లలకు తాడు పట్టి బండ ఎక్కడం నేర్పాడు. ఆ బండను మొదటిసారి చూసి పూర్ణ భయపడింది. కానీ ఎక్కింది. ఎక్కాక భయం పోయింది.

తరువాత 20 మందిని డార్జిలింగ్ పంపారు. టెన్సింగ్ నేర్పిన బడికే! అక్కడినుంచి కొందరు లడఖ్ మంచులో సాధన చేశారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు పూర్ణ. ఇంకొకరు ఖమ్మం జిల్లా దళిత కుటుంబం పిల్లవాడు, సాధనపల్లి ఆనంద్ కుమార్.

ఎవరెస్టుకు రెండు దారులు ముఖ్యం. ఒకటి నేపాల్ వైపు, ఒకటి టిబెట్ వైపు. నేపాల్ వైపు 16 ఏళ్ళు నిండాలి. అందుకే పిల్లలు టిబెట్ వైపు నుంచి పోయారు. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగి పడి, పనిచేస్తున్న 16 మంది చనిపోయారు. పిల్లలు బెదరలేదు.

పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. శిఖరం మీద ఒకసారి ఊపిరి పీలిస్తే, కింద అందే ప్రాణవాయువులో మూడో వంతే అందుతుంది. అందుకే వీపున ప్రాణవాయువు సిలిండర్ మోయాలి. చలికి వేళ్ళు కొయ్యబారిపోతాయి. దారిలో పూర్ణకు అంతకుముందు చనిపోయినవారి శవాలు కనిపించాయి.

2014 మే 25న తెల్లవారేసరికి పూర్ణ శిఖరం మీద ఉంది. ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అప్పటికి ప్రపంచంలో లేదు. ఆనంద్ కూడా ఎక్కాడు. మరో ఎనిమిది రోజులకు తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2022 నాటికి పూర్ణ ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కింది.

పదమూడేళ్ళ పిల్లను అంత ప్రమాదంలోకి పంపవచ్చా అని అడిగినవారూ ఉన్నారు. అది అడగవలసిన ప్రశ్నే. అయితే ఇంకో ప్రశ్న కూడా ఉంది. అదే వయసులో ఎందరో ఆడపిల్లలకు బడి మాన్పించారు, పెళ్ళి చేశారు. అది ప్రమాదం కాదా?

పూర్ణ కాళ్ళు వేరే కాళ్ళు కావు. వాళ్ళ అమ్మ పొలానికి నడిచిన కాళ్ళ వంటివే. కొత్తగా దొరికినవి మూడు: బడి, నేర్పే గురువు, "పోయి రా" అన్న మాట.

మనకు ఎవరెస్టు ఎందుకు?

ఎవరెస్టు అందరూ ఎక్కనక్కరలేదు. వారాసిగూడ పక్కనే చెట్ల దారి ఉంది. మౌలాలి గుట్ట ఉంది. భువనగిరి కోట ఉంది.

కానీ తీరిక కావాలి. ఇంటి పని ఇంట్లో అందరూ పంచుకుంటేనే ఆడవాళ్ళకు తీరిక వస్తుంది. దారిలో దీపాలు ఉండాలి. మరుగుదొడ్డి ఉండాలి. భయం లేకుండా నడిచే వీలు ఉండాలి. ఇవి అడిగి తెచ్చుకోవలసినవి.

నలుగురు కలిసి పోతే ధైర్యం. ఎండ ముదరకముందే బయలుదేరాలి. మంచినీళ్ళు వెంట ఉండాలి. వానకు తడిసిన బండ జారుతుంది, ఎక్కకూడదు. అంచుల దగ్గరికి పోకూడదు.

ఒక ఆదివారం పొద్దున ఆ పనికి పోయే అక్క కూడా ఉత్తగా నడవాలి. నెత్తిన బరువు లేకుండా, మొక్కు పేరు చెప్పకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా నడవాలి. "ఎందుకు నడుస్తున్నావక్కా?" అని ఎవరైనా అడిగితే, "నా కోసం" అనాలి.

కలిసి మాట్లాడుకోండి

1. మీరు ఎక్కిన గుట్ట ఏది? పని కోసం ఎక్కారా, మొక్కు కోసమా, సంతోషం కోసమా?

2. మీ ఇంట్లో ఆదివారం ఎవరికి సెలవు ఉంది? ఎవరికి లేదు?

3. మీ బిడ్డ "కొండ ఎక్కుతానమ్మా" అంటే మీరు ఏమంటారు?