పుస్తకం తీసివేయమని అర్జీ

కిందటి వేసవిలో మా సంఘసభ్యుడొకరు ఒక కాగితం పట్టుకొని ఇంటికి వచ్చారు. కుమారుడు చదివే బడి లైబ్రరీలో ఒక నవల ఉందట. దాన్ని తీసివేయించాలని కొందరు తల్లిదండ్రులు రాసిన అర్జీ అది. "అయ్యగారూ, ముందు మీ సంతకం ఉంటే హెడ్మాస్టరు గారు కాదనలేరు" అన్నారు. మీరు చదివారా అని అడిగాను. "లేదండీ, చదివినవాళ్లు చెప్పారు." ఆ చెప్పినవారూ చదవలేదని తరువాత తెలిసింది.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. నరసన్నపేట దగ్గర గోనెపాడులో 1893లో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ గారు కొంతకాలం విజయనగరంలో పంతులుగా పనిచేశారు. తెల్లదొరల పాలన వద్దంటూ ఆయన కట్టిన పాటను ప్రభుత్వం నిషేధించి, 1922లో ఆయనను జైలుకు పంపింది. పాట మాత్రం ఊరూరా తిరిగింది.

"మాలపల్లి" సంగతి మన సంఘాలవారికి ఇంకా దగ్గరది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైలులో ఉండి రాసిన నవల. 1923లో మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు తీసివేసిన మీదట అచ్చుకు ఒప్పుకుంది. తరువాత విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దాన్ని విద్యార్థులకు పాఠ్యగ్రంథంగా పెట్టింది. అంతే, 1936లో మళ్లీ నిషేధం! పాఠ్యగ్రంథాల పట్టీ నుండి కూడా తొలగించారు. 1937లో రాజగోపాలాచారి గారి మంత్రివర్గం వచ్చాక గాని అది వీడలేదు. చూడండి, మన తాతల నాటి వాడ బ్రతుకును మన పిల్లలు చదవకూడదని ఎక్కడో మద్రాసులో కూర్చున్నవారు తీర్మానించారు.

యెహోయాకీము రాజు కూడా గ్రంథపు చుట్టను చాకుతో కోసి కుంపటిలో వేశాడు. బారూకు మళ్లీ రాశాడు, ఈసారి ఇంకా ఎక్కువే రాశాడు. ఎఫెసులోనూ పుస్తకాలు కాల్చారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని వారు కాల్చినవి తమ సొంత పుస్తకాలు. పొరుగువాని పెట్టె తెరవలేదు.

ప్రతి పుస్తకమూ ప్రతి వయసుకూ తగినదని నేననను. అయిదో తరగతి పిల్లవానికి ఏది ఇవ్వాలో ఉపాధ్యాయుడు చూసుకోవలసిందే, తల్లిదండ్రులు అడగవలసిందే. అయితే చదివి అడగాలి.

నేను సంతకం చేయలేదు. ఆయన నొచ్చుకున్నారు, రెండు ఆదివారాలు మందిరానికి రాలేదు. మూడో ఆదివారం ఆరాధన అయ్యాక దగ్గరకు వచ్చి, ఆ నవల సగం చదివానన్నారు. అందులో రెండు పేజీల మీద ఆయనకు ఇంకా కోపమే. "మిగతాది అయ్యాక మాట్లాడుకుందామండీ" అన్నారు. అర్జీ నా బల్ల సొరుగులోనే ఉంది.