జూదంపై పాఠం: ఖర్చు ఎవరిది?

కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డున మెటియాబ్రుజ్ అనే ప్రాంతం ఉంది. రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో ఇక్కడికి చేరాడు. ఈనాడు అది దర్జీల పేటగా పేరుపొందింది. దాన్ని ఆనుకుని ఉన్న గార్డెన్ రీచ్‌లో 2022 సెప్టెంబరు 10న ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఒక ఇంటిని సోదా చేయగా 17 కోట్ల రూపాయలకు పైగా నగదు బయటపడింది. నోట్లు లెక్కించడానికి యంత్రాలు తెప్పించవలసి వచ్చింది. ఈ వ్యవహారానికి 'ఇ-నగ్గెట్స్' అనే మొబైల్ ఆటతో సంబంధం ఉందని దర్యాప్తు సంస్థ ప్రకటించింది.

ఆ సంస్థ చెప్పినదాని ప్రకారం ఆట నడిచిన తీరు ఇది. మొదట్లో ఆడినవారికి లాభం వచ్చేది, దాన్ని ఇబ్బంది లేకుండా తీసుకోగలిగేవారు. నమ్మకం కుదిరాక పెద్ద మొత్తాలు పెట్టారు. అప్పుడు ఏదో సాకుతో చెల్లింపులు ఆగిపోయాయి. దీన్ని జూదం అనేకంటే మోసం అనడమే సబబు. అయితే ఆ మొదటి మెట్టు మాత్రం చట్టబద్ధమైన జూదానికీ పనికివచ్చేదే.

నవాబుగారికి పావురాలంటే మహా మోజు. మన విషయానికీ పావురాలే ఆధారం. అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ పెట్టెలోని పావురం మీటను పొడిస్తే గింజలు పడే ఏర్పాటు చేశాడు. ప్రతిసారీ గింజలు పడుతూ ఉండి ఒక్కసారిగా ఆగిపోతే పావురం కొంతసేపటికి పొడవడం మానేస్తుంది. ఎన్నిసార్లు పొడిస్తే పడతాయో తెలియనప్పుడు మాత్రం వదలకుండా పొడుస్తూనే ఉంటుంది. జూదపు యంత్రం చేసేది ఇదే. 'త్రుటిలో తప్పిన గెలుపు' దీనికి తోడవుతుంది. మూడు బొమ్మలు కలవవలసిన చోట రెండు కలిసి మూడోది ఒక్క గడి దూరంలో ఆగితే, అది ఓటమే అయినా మెదడులో గెలుపునకు స్పందించే భాగాలు చురుకవుతాయని 2009లో ప్రచురితమైన ఒక మెదడు చిత్రణ పరిశోధన చూపింది. ఆవేశాన్ని అదుపుచేసే ముందుమెదడు ఇరవై ఏళ్లు దాటాక గాని పూర్తిగా పరిణతి చెందదు. కాబట్టి కుర్రవాళ్లకు ఈ ఉచ్చు మరింత బిగువుగా తగులుతుంది. ఆన్‌లైన్ కేసినో ఆటలు ఆడే కౌమారుల్లో 26.4 శాతం మందికి జూద రుగ్మత ఉండవచ్చని 2024లో లాన్సెట్ ప్రజారోగ్య కమిషన్ అంచనా వేసింది.

మరి పిల్లలకు పాఠం చెబితే సరిపోదా? బ్రిటన్‌లో చాలాకాలం అదే చేశారు. ఖర్చు భరించింది జూద పరిశ్రమే. ఆ పాఠ్యసామగ్రిని లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు విశ్లేషించి 2022లో ఫలితాలు ప్రచురించారు. లోపమంతా ఆడేవాడి నిర్ణయశక్తిలోనే ఉన్నట్టు ఆ పాఠాలు చెబుతాయని, ఆటను వ్యసనంగా మలిచే రూపకల్పనను, ప్రకటనలను పక్కన పెడతాయని తేల్చారు. దోమలు పెంచేవాడే దోమతెర ఎలా కట్టుకోవాలో నేర్పినట్టుంది!

ఇటువంటిది పొగాకు విషయంలో ముందే చూశాం. 1998లో ఫిలిప్ మోరిస్ సంస్థ అమెరికా యువతకు పొగతాగవద్దని ప్రచారం మొదలుపెట్టింది. ఆ ప్రకటనలు చూసిన పిల్లల్లో పొగతాగే ఆలోచన తగ్గకపోగా కొంత పెరిగిందని 2002 నాటి అధ్యయనంలో తేలింది. కంపెనీల ఎత్తులను బయటపెట్టిన మరో ప్రచారం మంచి ఫలితమిచ్చింది. పొగాకు విధానాల్లో పరిశ్రమ జోక్యం కూడదని అంతర్జాతీయ ఒప్పందం ఉంది. జూదానికి అటువంటి ఒప్పందం లేదు. బ్రిటన్ మాత్రం 2025 ఏప్రిల్‌లో స్వచ్ఛంద విరాళాల స్థానంలో తప్పనిసరి సుంకం తెచ్చింది.

మన దేశంలో పాఠం ప్రకటనలోనే ఇమిడింది. ఆటలో ఆర్థిక నష్టభయం ఉంది, వ్యసనం కావచ్చు అనే హెచ్చరిక ప్రకటన స్థలంలో కనీసం 20 శాతం ఉండాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2020 డిసెంబరు నుంచి అమలయ్యేలా నియమం పెట్టింది. మిగిలిన 80 శాతంలో నవ్వుతున్న తార ఉండవచ్చు! రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని 1967లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు అన్నది. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం చేసింది.

తరగతిలో చెప్పదగిన లెక్క ఒకటుంది. పందెం కాసిన ప్రతి రూపాయిలో నిర్వాహకుడు 5 పైసలు ఉంచుకుంటాడనుకుందాం. 1000 రూపాయలతో మొదలుపెట్టి, చేతికొచ్చిన మొత్తాన్ని మళ్లీ మళ్లీ కాస్తే 20 ఆటల తరువాత సగటున మిగిలేది సుమారు 358 రూపాయలు. 5 శాతం అనే మాట వినడానికి చిన్నదే. ఈ లెక్క ఏ కంపెనీ పాఠంలోనైనా ఉంటే సంతోషమే. కాని అదే పాఠంలో పావురం కథ కూడా ఉండాలి. ఎందుకంటే లెక్క తెలిసినవాడూ మీట నొక్కుతూనే ఉంటాడు.

ఇక కొత్త చట్టం కాగితపు లాటరీని తాకలేదు. పశ్చిమ బెంగాల్‌లో లాటరీ టిక్కెట్టు చట్టబద్ధం. దానిపై వచ్చే పన్ను ప్రభుత్వానికి చేరుతుంది. పాఠం ఎవరి ఖర్చుతో రాయాలనే ప్రశ్న కంపెనీలతోనే ఆగదు.